రెండు వైపుల పటం

మొన్న డిసెంబరులో మానుకోట నుంచి లోపలి ఊళ్లకు పోయే బస్సులో, కిటికీ పక్కన కూర్చుని సగం నిద్రలో ఉన్నాను. మానుకోట అంటే మహబూబాబాదే. కాగితాల మీద ఆ పేరు, నోట్లో ఈ పేరు. జనగామలో పొగమంచులో రైలెక్కినప్పుడు మూసుకున్న కళ్లు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. మిరపచేలు, వాటి వెనుక పత్తిచేలు, ఎక్కడినుంచో కట్టెల పొయ్యి వాసన, బస్సు ఊపు, అన్నీ కలిసి దుప్పటిలా కప్పేశాయి. బస్సు ఒక తండా స్టేజీ దగ్గర ఆగింది. చూస్తే రోడ్డుకు ఒక పక్కన సున్నం వేసిన గోడకు వీపులు ఆనించి, కొంగులు చెవుల మీదుగా చుట్టుకుని, ఆడవాళ్లు కొందరు ఎండ కాగుతున్నారు. వాళ్లెవరో నాకు తెలియదు. కానీ వాళ్లు నిలబడిన చోటు తెలుసు. చాలా ఏళ్ల కిందట, చదువుకునే రోజుల్లో, ఇంచుమించు ఆ చోటనే నేనూ నా రూమ్మేటూ ఎర్ర సిరాతో చుక్కలు పెట్టాం. నేల మీద కాదు, పటం మీద. "అక్కా, గీ స్టేజే అన్నవ్ గద, దిగవా?" అని కండక్టరు అడిగేదాకా నేను దిగవలసింది కూడా అక్కడేనన్న సంగతి గుర్తు రాలేదు.

మేము చదివిన చదువుకు పేరు పొడుగు. పర్యావరణ భూగోళశాస్త్రం, ప్రణాళిక. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చదువుతున్నావని అడిగితే, ఆ పేరు పూర్తిగా చెప్పేలోపు అడిగినవాళ్లు భోజనాల వైపు వెళ్లిపోయేవారు. లింగాల ఘనపూర్‌లో ఉండే మా మేనత్త మాత్రం అంత తేలిగ్గా వదిలేది కాదు. "భూగోళమంటె దేశాల పేర్లే గదనే. గవి బడిల సదివినవ్ గద, మళ్ల రెండేండ్లు ఏం సదువుతవ్?" అనేది. ఊరు ఎటు పెరగాలో, వాననీళ్లు ఎటు పోవాలో, రోడ్డు ఎక్కడ వేస్తే ఎవరికి మేలో చదువుతామని నేను ఓపికగా చెప్పేదాన్ని. "గవన్ని మీరే జేస్తె మరి సర్పంచులెందుకు?" అనేది. జనగామలో కాలేజీ పిల్లలకు అదే పాఠం చెబుతూ ఇన్నేళ్లు గడిపాను. ఏటా మొదటి రోజు వాళ్లను ముందు ఆ ప్రశ్నే అడుగుతాను.

విశ్వవిద్యాలయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మా విభాగంలోని పటాల గది. కిటికీలకు నల్ల పరదాలు, మధ్యలో పెద్ద గాజుబల్ల, దాని కింద ట్యూబులైట్లు. పటం పరిచి, దాని మీద పల్చటి ట్రేసింగ్ కాగితం వేసి, లైటు వేస్తే కింది గీతలన్నీ నీళ్ల అడుగునుంచి లేచినట్టు మెల్లగా పైకి తేలేవి. మధ్యాహ్నం భోజనం చేసి ఆ గదిలోకి వెళితే బయట ఏ పొద్దో, ఏ కాలమో తెలిసేది కాదు. వెలుగు కిందనుంచి ముఖాల మీద పడి అందరం కొంచెం దేవతల్లా, కొంచెం దయ్యాల్లా కనిపించేవాళ్లం. సిరా వాసన, లైట్ల సన్నని రొద, నిద్ర. సార్ చెప్పుల చప్పుడు కాకుండా మా వెనుక నడుస్తూ "గీత వణకొద్దు, ఊపిరి బిగబట్టి గీయాలె" అనేవారు. ఊపిరి బిగబట్టి ఎన్ని వాగులు గీశానో లెక్కలేదు. వాటిలో సగం వాగులను నేను చూడనే లేదు, అయినా వాటిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నట్టే ఉండేది.

నా రూమ్మేట్‌దీ అదే తరగతి. మానుకోట దగ్గరి ఈ తండాలో పుట్టిన పిల్ల. ఇంట్లో లంబాడీ మాట, హాస్టల్లో మా తెలంగాణ మాట, సార్ల ముందు సినిమాల్లో హీరోయిన్లు మాట్లాడే మాట. "సినిమాల మన మాట ఎవడు మాట్లాడుతడే, నౌకరోడు, లేకపోతె రౌడీ. వైవాల నేను గట్ల మాట్లాడాల్నా?" అని అద్దం ముందు నిలబడి "వచ్చామండీ, వెళ్లామండీ" అంటూ సాధన చేసేది. పక్క మంచం మీద నేను దిండులో ముఖం దాచుకుని నవ్వేదాన్ని. వాళ్ల నాన్నను "బా" అనేది, అమ్మను "యాడీ" అనేది. విని విని నేనూ వాళ్లను అలాగే పిలవడం మొదలుపెట్టాను. ఆ తండా నుంచి పెద్ద చదువుకు వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. పంపించేటప్పుడు బాను చాలామంది చాలా మాటలన్నారట. ఆడపిల్లకు పటాలు గీసే చదువేంది, అది కూడు పెడుతదా అని. బా ఎవరికీ బదులు చెప్పలేదు. ఆ బదులేదో తనే చెప్పాలని నా రూమ్మేట్ మనసులో ఉండేది. పైకి ఎక్కువ మాట్లాడేది కాదు గానీ, మా తరగతిలో వణకని గీత ఆమెదొక్కటే.

ఏటా డిసెంబరులో మా విభాగం బస్సు భూపాలపల్లి వైపు బయల్దేరేది. జనగామ, మానుకోట, భూపాలపల్లి అప్పటికి ఇంకా వేరువేరు జిల్లాలు కాలేదు, అన్నీ ఒకే జిల్లా కింద పెద్ద కుటుంబంలా సర్దుకుని ఉండేవి. రేగొండ దాటేటప్పుడు చేలల్లో పత్తి తెల్లగా పగిలి ఉండేది. దూదిపింజలు గాలికి లేచి కిటికీల్లోంచి మా జడల్లో చేరేవి. ఇంకొంత దూరం పోతే బొగ్గు. అదే రోడ్డు, అదే గాలి. జడలో తెల్ల దూది, చేతిరుమాలు మీద నల్ల దుమ్ము. నేను కిటికీకి తల ఆనించి, ఈ రెండూ ఎక్కడో ఒకచోట కలుస్తాయి కదా, ఆ చోటు ఎక్కడుంటుందో అని ఆలోచిస్తూ నిద్రపోయేదాన్ని. డిసెంబరే ఎందుకంటే మా పరీక్షలు అప్పటికి అయిపోయేవి, ఎండలు ఉండేవి కావు, బస్సు ఖాళీగా దొరికేది. అందువల్ల మా విభాగం గోడల మీద ఉన్న పటాలన్నీ డిసెంబరులో గీసినవే. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ పర్యటన అయ్యాక ఎవరి ప్రాజెక్టు చోటుకు వాళ్లు వెళ్లాలి. నా రూమ్మేట్ తన తండా స్టేజీనే ఎంచుకుంది. అక్కడ బస్సు కోసం నిలబడేవాళ్లకు షెల్టరు లేదు. ఎక్కడ కడితే బాగుంటుందో పటం గీసి చెప్పడం ఆమె పని, తోడుండి చుక్కలు పెట్టడం నా పని. యాడీ చేసిన జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు తిని, రోజూ పొద్దున్నే రోడ్డు మీదికి వెళ్లి కూర్చునేవాళ్లం. రోడ్డుకు ఒక పక్కన చింతచెట్ల వరుస. రెండో పక్కన, కొంచెం ఎడంగా, తూర్పు ముఖంగా ఎరువుల గోదాము గోడ, సున్నం వేసినది. మనిషి ఎక్కడ నిలబడితే పటం మీద అక్కడ ఎర్ర చుక్క. జనమంతా గోడ పక్కనే నిలబడ్డారు. చింతచెట్ల కిందికి ఒక్కరూ పోలేదు. పటం మీద గోడ వెంట ఎర్ర చుక్కలు మిరపపండ్లు ఆరబోసినట్టు పరుచుకున్నాయి. మేమూ వాళ్ల మధ్యనే కూర్చుని, వెచ్చటి గోడకు వీపులు ఆనించి, కళ్లు మూతలు పడుతుండగా హాయిగా చుక్కలు పెట్టాం. ఎండ ఎంత బాగుందో అని ఒకరితో ఒకరం చెప్పుకున్నాం కూడా.

చింతచెట్ల కిందికి ఎవరూ ఎందుకు పోరో రిపోర్టులో కారణం రాయాలి. చదువుకున్నవాళ్లం, కారణం రాయకుండా ఎలా ఉంటాం. చింతచెట్ల మీద దయ్యాలుంటాయన్న నమ్మకం వల్ల స్థానికులు ఆ పక్కకు పోరని చక్కటి ఇంగ్లీషులో రాశాం. ఒక్కరినీ అడగలేదు. సార్ దాని పక్కన టిక్కు పెట్టారు. మరి నా రూమ్మేట్ ఆ తండా పిల్లే కదా, ఆమెకైనా తెలియదా అంటే, ఆమె చిన్నప్పటినుంచీ హాస్టళ్లలోనే ఉంది. ఎండాకాలం సెలవులు వస్తే యాడీ, బా పని వెతుక్కుంటూ పట్నంలో బిల్డింగులు కట్టే చోటికి పోయేవాళ్లు, ఆమె కూడా అక్కడికే పోయేది. తన తండా ఎండల్లో ఎలా ఉంటుందో ఆమె పెద్దగా చూడనే లేదు.

ఆ పటం నకలు ఒకటి బాకు ఇచ్చింది. బా దానికి అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన వేలాడదీశాడు. అగరుబత్తి పొగ దానికీ అందేది. తరువాత ఒకరోజు దాన్ని చంకలో పెట్టుకుని పంచాయతీకి వెళ్లాడు. అప్పటికి ఆయనకు కాస్త భూమి కుదిరి, వలస పోవడం మానేసి, వార్డు మెంబరు కూడా అయ్యాడు. మాట తక్కువ మనిషి. షెల్టరు గురించి అక్కడ గొడవ నడుస్తోంది. సర్పంచు తమ్ముడు దాన్ని తన కిరాణా కొట్టు ముందు కట్టించుకోవాలని చూస్తున్నాడు. బా పటాన్ని బల్ల మీద పెట్టి "నా బిడ్డ గీసింది. యూనివర్సిటీ పటం" అన్నాడట. అన్ని ఎర్ర చుక్కలు ఒకేచోట చూసి అందరూ బల్ల మీదికి వంగారు. షెల్టరు గోడ పక్కనే అని ఒప్పుకున్నారు. బిడ్డ చదువు గురించి నవ్వినవాళ్లు బాకు బీడీ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మే నెలలో పటానికి తుదిమెరుగులు దిద్దడానికి మళ్లీ వెళ్లాం. బస్సు దిగేసరికి పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు, అయినా రోడ్డు మీద గాలి నీళ్లలా కదులుతోంది. గోడ పక్కన ఒక్కరూ లేరు. షెల్టరు పిల్లర్ల కోసం తీసిన గుంతలు ఉన్నాయి, పక్కన ఇనుప చువ్వలు ఉన్నాయి. ఎదురుగా చింతచెట్ల కింద మూటలు, పసిపిల్లలు, మేకలు, మనుషులు, తండా అంతా ఉంది. చలికాలంలో మా వీపులు కాచిన ఆ గోడ ఇప్పుడు ఎండను తాగి తిరిగి కక్కుతోంది. డిసెంబరులో జనం అక్కడ నిలబడింది ఎండ కాగడానికి. నీడ అక్కరలేని నెలలో వచ్చి, నీడ ఎక్కడ కట్టాలో మేము కొలుచుకుని పోయాం. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. చింతల కింద ఒక అవ్వ తన మూట జరిపి "గిట్ల రాండ్రి బిడ్డా, నీడకు" అంది. వెళ్లి కూర్చున్నాం. నా రూమ్మేట్ తలెత్తి కొమ్మల్లోకి చూసి "దయ్యం ఒక్కటి గూడ కనబడ్తలేదే" అంది. నవ్వబోయి ఆగిపోయింది.

ఇంటికి వెళ్లగానే బా మంచం వాల్చి, కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చి, మాకే పటాన్ని చూపించాడు. ఎవరు వచ్చినా ముందు దాన్నే చూపిస్తాడని యాడీ నవ్వుతూ చెప్పింది. ఇంకొన్నాళ్లలో పిల్లర్లు లేస్తాయట. నా రూమ్మేట్ కంచం పక్కకు జరిపింది. చెబితే బా నలుగురి ముందు తల దించుకోవాలి, షెల్టరు కిరాణా కొట్టు ముందుకు పోతుంది, ఆడపిల్లకు పటాల చదువేందన్నవాళ్లు మళ్లీ నోరు తెరుస్తారు. చెప్పకపోతే యాడీతో సహా తండా ఆడవాళ్లంతా ఏటా ఎండల్లో ఆ కాలే గోడ పక్కన కూర్చోవాలి, అదీ ఆమె పేరు చెప్పుకుని. మధ్యాహ్నమంతా వాసానికి వేలాడే ఉట్టిని చూస్తూ పడుకుంది. నేను పక్కనే పడుకుని ఆమె ఊపిరి వింటున్నాను.

చివరికి లేచి వెళ్లింది. బా చూరు కింద నులక మంచం బిగిస్తున్నాడు. నేనున్నానని తెలుగులోనే "బా, పటం తప్పయింది" అంది. ఆయన చేతిలో నులక ఆగలేదు. "పటం తప్పెట్లయితది బిడ్డా, నువ్వు గీసినవ్ గద" అన్నాడు. ఆమె చలి సంగతి, ఎండ సంగతి విడమరిచి చెప్పింది. ఆయన వింటున్నాడు. రోజూ చింతచెట్ల కింద నిలబడే మనిషి, ఇందులో ఆయనకు తెలియనిది ఏముంది. అయినా నులక ముడి బిగిస్తూ, ఎంతో శాంతంగా "మేమే తప్పు జాగల నిలబడుతున్నమేమో. కట్టినంక అలవాటైతది తీయ్" అన్నాడు.

ఆ మాటకు ఆమె ఏడ్చేసింది. నాకూ కళ్లు ఆగలేదు. నమ్మకం అనే మాటను మేము రిపోర్టులో చింతచెట్ల మీద పెట్టాం. అది ఉన్నది ఆ ఇంటి గోడ మీద, అద్దం కట్టిన పటం మీద. దాన్ని ఇప్పుడు ఆమె చేతులతోనే దించాలి.

మరునాడు పొద్దున ఎండ ముదిరాక ఆమె ఆయన చెయ్యి పట్టుకుని స్టేజీకి తీసుకుపోయింది. గుంతల పక్కన, గోడకు ఆనించి నిలబెట్టింది. బా తలపాగా సర్దుకుని నిలబడ్డాడు. చాలాసేపు కదలలేదు. చెమట కనుబొమల మీదుగా కళ్లలోకి దిగుతున్నా కదలలేదు. బిడ్డ పెట్టిన చుక్కల్లో తానూ ఒకటైనట్టు అలాగే ఉన్నాడు. ఎదురుగా చింతల కింద జనం ఇటే చూస్తున్నారు. "బా, ఇగ రా" అంది. రాలేదు. "నీ సారు గుస్స చేస్తడా? మార్కులు తీసేస్తడా?" అని అడిగాడు. ఆయన పరేషానంతా అదే. "తీస్తె తీయనీ" అంది ఆమె. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు తప్పంటె తప్పే. అయితె మళ్ల గీయి" అని రోడ్డు దాటి నీడలోకి నడిచాడు.

ఆ సాయంత్రమే పంచాయతీకి వెళ్లి, అదే బల్ల ముందు నిలబడి, పటం తప్పని చెప్పాడు. కిరాణా కొట్టాయన "యూనివర్సిటీ పటమంటివి గద" అని నవ్వాడట. "తప్పు గీసింది నా బిడ్డనే, తప్పని చెప్పింది గూడ నా బిడ్డనే. మీ పిలగాండ్లు ఎన్నడన్న వచ్చి గిట్ల చెప్పిన్రా?" అన్నాడట బా. ఆయన అంత పొడుగు మాట్లాడడం తండాలో ఎవరూ అంతకుముందు వినలేదు. ఈ సంగతి మాకు చెబుతూ యాడీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గుంతలు పూడ్చారు. చువ్వలు రోడ్డు దాటి చింతచెట్ల పక్కకు వెళ్లాయి.

ఎండాకాలపు చుక్కలను మేము పచ్చ సిరాతో పెట్టాం. పటాల గదిలో రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పరిచి లైటు వేస్తే, ఎర్ర చుక్కలు రోడ్డుకు ఇవతల, పచ్చ చుక్కలు అవతల తేలాయి. చూస్తూ ఉంటే తండా అంతా మూటలతో, పిల్లలతో, మేకలతో ఏడాదికోసారి మెల్లగా రోడ్డు దాటుతున్నట్టు, మళ్లీ వెనక్కి వస్తున్నట్టు అనిపించింది. సార్ ఆ వెలుగు మీదికి వంగి చాలాసేపు చూశారు. "మన పటాలన్ని డిసెంబరువే గదా" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు. వైవాకు కోస్తా నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. "ఈ రెండింట్లో ఏది కరెక్టమ్మా?" అని అడిగాడు. అద్దం ముందు సాధన చేసిన మాటలన్నీ ఎటు పోయాయో. "రెండు గూడ కరెక్టే సార్. నెల ఏయలే, గదే మా తప్పు" అంది నా రూమ్మేట్. ఆయన నవ్వలేదు. పెన్ను మూత తీసి ఏదో రాసుకుని, మంచి మార్కులే వేశాడు.

తరువాత ఆమె రెండు పటాలనూ ఒకే అట్టకు ఇటొకటి అటొకటి అంటించి, పైన నెలలు రాసి బాకు ఇచ్చింది. బా దాన్ని అదే మేకుకు తాడుతో వేలాడదీశాడు. దీపావళి పోయాక చలికాలం వైపు, ఉగాది అయ్యాక ఎండాకాలం వైపు తిప్పేవాడు. ఎవరైనా "ఏంది మామా, క్యాలెండరా?" అంటే "గంతకన్న ఎక్కువ" అనేవాడు. స్టేజీలో ఎటు నిలబడాలో పటం చూసి తెలుసుకోవలసిన అవసరం ఆ తండాలో ఎవరికీ లేదు, ఆయనకు అసలే లేదు. అయినా ఏటా ముక్కాలిపీట వేసుకుని ఎక్కి తిప్పేవాడు. కింద పీట పట్టుకోవడం యాడీ పని.

ఈ మధ్య రోడ్డు వెడల్పు చేసినప్పుడు చింతచెట్లు పోయాయి. వాటి పక్కనున్న షెల్టరూ పోయింది. గోడ కూడా పాతది కాదు, కొంచెం వెనక్కి జరిపి కొత్తగా కట్టినది. మొన్న ఆ గోడ పక్కన ఎండ కాగుతున్న ఆడవాళ్లు మా మొదటి పటంలోంచి లేచి వచ్చినట్టే ఉన్నారు. వాళ్లు మే నెలలో ఎక్కడ నిలబడుతున్నారో నాకు తెలియదు. అడుగుదామంటే బా లేడు. పోయిన మే నెలలోనే పోయాడు. అప్పుడు నేను రాలేకపోయాను, అందుకే ఇప్పుడు వచ్చాను. నా రూమ్మేట్ భూపాలపల్లిలో ప్రణాళికల ఆఫీసులో పనిచేస్తోంది. నా కోసం ఆదివారం చూసుకుని వచ్చింది. ఎవరు పటం తెచ్చినా ఆమె ముందు అడిగేది "ఏ నెలల గీసిన్రు?" అనేనట. ఆఫీసులో వాళ్లు ఆమె వెనుక "నెలల మేడం" అని పిలుచుకుంటారట. ఆ సంగతి తనే చెప్పి నవ్వింది.

ఇంట్లో అడుగుపెట్టగానే నా కళ్లు మేకు వైపు పోయాయి. బయట చలి, లోపల గోడ మీద ఎండాకాలం. పచ్చ చుక్కలు, పైన ఆమె చేతిరాతలో మే నెల. ఆయన ఉగాదికి తిప్పి పెట్టిన పటం అలాగే ఉంది. దీపావళి వచ్చి పోయింది, ఎవరూ దాని మీద చెయ్యి వేయలేదు. ముగ్గురం చాయ్ తాగాం. మిరపతోటల సంగతి, నా మోకాళ్ల సంగతి మాట్లాడుకున్నాం, పటం సంగతి ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి యాడీ లేచి, మూలనున్న ముక్కాలిపీట తెచ్చి గోడ కింద వేసి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని కూర్చుంది. "ఎక్కు బిడ్డా. చలి మొదలై ఎన్ని దినాలాయె" అంది. నా రూమ్మేట్ ఎక్కింది. ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చేతి వేళ్లు మే నెల మీద ఉంచి, కొంతసేపు అలాగే నిలబడిపోయింది. తరువాత తిప్పింది. ఎర్ర చుక్కలు ఇటు వచ్చాయి. కాలాలు వాటంతట అవే మారతాయని ఇన్నేళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆ ఇంట్లో మాత్రం ఎవరో ఒకరు పీట ఎక్కి తిప్పాలి.